పాత స్నానఘట్టాల పునరుద్ధరణ: కట్టడం, నీరు, ప్రవేశం

సరిహద్దు గ్రామాలలో ఒకే విధమైన కట్టడానికి నాలుగైదు పేర్లు వినిపిస్తాయి. మనం కోనేరు అని పిలిచే దానిని కర్ణాటకలో కల్యాణి అంటారు. తమిళనాట గుడి ముందరి కొలను తెప్పకుళం అవుతుంది. మన దిగుడుబావి మహారాష్ట్రలో బారవ. ఒడిశాలో ఊరి కొలనును పోఖరి అంటారు. పేర్లు ఎన్ని ఉన్నా వీటి ప్రయోజనం దాదాపు ఒకటే. ఊరి జనం మెట్లు దిగి నీటిని చేరుకుని, స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, ఇంటికి బిందె నింపుకుని వెళ్లేందుకు పూర్వులు కట్టించిన ఉమ్మడి స్థలాలు ఇవి.

ఇళ్లలో కుళాయిలు, స్నానపు గదులు వచ్చిన తరువాత వీటిలో అనేకం నిరుపయోగమై, చెత్తకుప్పలుగా, ముళ్లపొదలుగా మారిపోయాయి. ఇటీవలి సంవత్సరాలలో వీటిని మళ్లీ బాగు చేయాలనే ఉత్సాహం పల్లెలలోను, పట్టణాలలోను కనిపిస్తున్నది. ఇది సంతోషించదగిన విషయమే. అయితే పూడిక తీసి, రంగులు వేసి, చుట్టూ ఇనుప కంచె పాతి, తలుపుకు తాళం వేస్తే పని పూర్తయినట్లు భావించడం కూడా అక్కడక్కడ జరుగుతున్నది. పునరుద్ధరణ అనే మాటకు పూర్తి అర్థం చేకూరాలంటే మూడు ప్రశ్నలకు సమాధానం దొరకాలి. కట్టడం నిలుస్తుందా? నీరు నిలుస్తుందా? అందరికీ ప్రవేశం ఉంటుందా? ఈ మూడింటిని దృష్టిలో పెట్టుకుని, మన ప్రాంతంలోను, ఇతర దేశాలలోను జరిగిన కొన్ని ప్రయత్నాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

స్నానశాలలలో రకాలు

ఉమ్మడి స్నానం మన దేశంలో చాలా ప్రాచీనమైనది. నేటి పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో మొహెంజొదారో వద్ద 1920ల తవ్వకాలలో బయటపడిన మహా స్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు కలిగినది. నాలుగు వేల సంవత్సరాలకు పూర్వమే ఆ నిర్మాతలు ఇటుకలను దగ్గరగా పేర్చి, నీరు ఇంకిపోకుండా వాటి వెనుక సహజమైన తారును పూశారు. రెండు చివరల నుండి మెట్లు, వాడిన నీరు బయటకు పోయేందుకు కాలువ ఏర్పాటు చేశారు. స్నానఘట్టానికి కావలసిన ముఖ్యాంగాలన్నీ అందులో ఉన్నాయి.

కర్ణాటకలోని హంపీలో రాణుల స్నానశాల అని పిలిచే కట్టడాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు. మధ్యలో చతురస్రపు కొలను, దాని చుట్టూ కమానుల వసారా, నీటి మీదికి ముందుకు వచ్చిన గవాక్షాలు ఉంటాయి. మహర్నవమి దిబ్బకు సమీపంలో 1980లలో తవ్వి తీసిన మెట్ల కొలను ఇంకా విశేషమైనది. నల్లని రాళ్లతో అంచెలంచెలుగా కట్టిన ఆ కొలనులో, ఏ రాయి ఎక్కడ అమర్చాలో తెలిపే గుర్తులను శిల్పులు రాళ్ల మీదనే చెక్కారు. రాతి స్తంభాలపై నిలిపిన తొట్టి కాలువ గుండా నీరు రాజప్రాంగణానికి చేరేది. 1986లో హంపీ ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. నేడు అక్కడ ఎవరూ స్నానం చేయరు. చూడడమే ప్రయోజనం.

మూడవ రకం హమాం. ఇది పారశీక, తురుష్క సంప్రదాయాల నుండి దక్కనుకు వచ్చిన వేడినీటి స్నానశాల. ఒక పక్క కొలిమి మండుతూ ఉంటే నీటి తొట్టి కాగుతుంది. వేడి నేల కిందుగా, గోడల గుండా వ్యాపిస్తుంది. వచ్చినవారు మొదట చల్లని గదిలో బట్టలు మార్చుకుని, గోరువెచ్చని గదిలో కొంతసేపు ఉండి, ఆ తరువాత వేడి గదిలో ప్రవేశిస్తారు. గుమ్మటంలోని చిన్న రంధ్రాల ద్వారా వెలుతురు వస్తుంది. బీదరు కోటలో ఇటువంటి రాజ హమాంను పురావస్తు ప్రదర్శనశాలగా వినియోగించారు. స్నానశాల ప్రదర్శనశాల కావడం వల్ల ఆ భవనం కూలిపోకుండా మిగిలింది. అయితే దాని పని మారిపోయింది.

ఇంగ్లండులో పేదల కోసం వచ్చిన స్నానశాలలు

కోనేరు, దిగుడుబావి, హమాం మన నేలకు పరిచితమైనవి. వీటికి భిన్నంగా, పురపాలక సంఘం ప్రజాధనంతో కట్టి, స్వల్ప రుసుముతో నడిపే స్నానశాల 19వ శతాబ్దపు ఇంగ్లండు పారిశ్రామిక పట్టణాలలో రూపుదిద్దుకున్నది. ఆ భవనాలు మూతపడినప్పుడు వాటిని నిలబెట్టుకోవడానికి ప్రజలు చేసిన ప్రయత్నాలు మనకూ పాఠం చెప్పగలవు. కనుక వాటిని కొంత వివరంగా చూద్దాం.

ఈ కథ లివర్‌పూల్ నగరంలోని ఒక పేద స్త్రీ వంటింటిలో మొదలైనది. ఆమె పేరు కిట్టీ విల్కిన్‌సన్. 1786లో ఐర్లండులో పుట్టి, చిన్నతనంలోనే లివర్‌పూల్ చేరి, కూలిపనులతో బ్రతికిన మనిషి. 1832లో ఆ నగరంలో కలరా వ్యాపించింది. ఇరుకు ఇళ్లలో నీరు మరిగించుకునే వసతి లేని ఇరుగుపొరుగు వారిని ఆమె తన ఇంటికి పిలిచి, తన ఇంట ఉన్న పెద్ద కాగులో రోగుల బట్టలు, పక్కబట్టలు ఉడికించుకోనిచ్చింది. క్లోరైడు కలిపిన సున్నంతో వాటిని శుభ్రపరచడం నేర్పింది. ఇందుకు ఆమె అడిగినది వారానికి ఒక పెన్నీ మాత్రమే. కలరా నీటి ద్వారా వస్తుందని వైద్యులకు అప్పటికి తెలియదు. మరిగే నీరు వ్యాధిని ఆపుతుందని ఆమె అనుభవంతో గ్రహించింది.

ఆమె పని చూసిన పెద్దలు నగరపాలక సంఘాన్ని కదిలించారు. 1842లో లివర్‌పూల్‌లోని ఫ్రెడరిక్ వీధిలో ప్రజల కోసం స్నానశాల, చాకిరేవు కలిసిన భవనం ప్రారంభమైనది. దాని నిర్వహణకు కిట్టీ దంపతులనే నియమించారు. 1846లో బ్రిటిష్ పార్లమెంటు స్నానశాలల, చాకిరేవుల చట్టాన్ని ఆమోదించి, స్థానిక సంస్థలు పన్నుల డబ్బుతో ఇటువంటి భవనాలు కట్టుకునే అధికారాన్ని ఇచ్చింది. స్నానపు గది లేని లక్షలాది కార్మిక కుటుంబాలు ఆ తరువాత వంద సంవత్సరాలకు పైగా వీటి మీదనే ఆధారపడ్డాయి.

మాంచెస్టర్‌లో విక్టోరియా స్నానశాల

ఇలా కట్టిన వాటిలో పేరుపొందినది మాంచెస్టర్‌లోని విక్టోరియా స్నానశాల. 1906 సెప్టెంబరులో ప్రారంభమైన ఈ భవనానికి 59 వేల పౌండ్లకు పైగా ఖర్చయినది. ఎర్ర ఇటుక ముఖద్వారం, లోపల నిగనిగలాడే రంగు పలకలు, అద్దాల మీద చిత్రాలు, మూడు ఈతకొలనులు, టర్కీ పద్ధతి ఆవిరి గదులు ఉండేవి. ప్రారంభోత్సవం నాడు దానిని నీటి భవంతి అని పొగిడారు.

అయితే ఆ భవంతికి మూడు వేరు వేరు ద్వారాలు ఉన్నాయి. మొదటి తరగతి పురుషులకు ఒకటి, రెండవ తరగతి పురుషులకు ఒకటి, స్త్రీలకు ఒకటి. నీటికి కూడా వరుస ఉండేది. తాజా నీరు ముందుగా మొదటి తరగతి పురుషుల కొలనుకు, అక్కడ వాడిన తరువాత రెండవ తరగతి వారికి, చివరగా స్త్రీల కొలనుకు చేరేది. ఉమ్మడి నీటి దగ్గర కూడా మనుషులు వరుసలు ఏర్పరచుకుంటారనడానికి ఇది ఒక నిదర్శనం. మన కోనేళ్ల మెట్ల మీద ఎవరు ఎక్కడ దిగాలో నిర్ణయించిన పద్ధతులు గుర్తున్న వారికి ఇది వింతగా తోచదు.

ఇళ్లలో స్నానపు గదులు రావడంతో ఆదాయం తగ్గి, మరమ్మతు ఖర్చు పెరిగి, 1993 మార్చిలో ఈ స్నానశాల మూతపడింది. వెంటనే స్థానికులు ఒక మిత్రమండలిగా, ఒక ధర్మసంస్థగా ఏర్పడి దానిని కాపాడేందుకు పూనుకున్నారు. పదేళ్లపాటు వాన కారే కప్పుల కింద వారు ఓపికగా పని చేశారు. 2003లో బ్రిటిష్ ప్రసార సంస్థ బీబీసీ శిథిల కట్టడాలకు ప్రేక్షకుల ఓట్లతో బహుమతి ఇచ్చే కార్యక్రమం నిర్వహించినప్పుడు, దేశమంతటి నుండి పోటీపడిన వాటిలో విక్టోరియా స్నానశాలకే విజయం దక్కింది. 34 లక్షల పౌండ్లు, అంటే నాటి మారకం విలువలో సుమారు 25 కోట్ల రూపాయలు లభించాయి. ఆ సొమ్ముతో ముఖద్వారం వైపు భాగాన్ని, పెద్ద కొలను పైకప్పును బాగు చేశారు.

ఇక్కడే మనం గమనించవలసిన విషయం ఉన్నది. అంత పెద్ద మొత్తం కూడా కొలనులను రోజువారీ ఈతకు తెరవడానికి చాలలేదు. భవనం నిలిచింది. సందర్శనలకు, కళా ప్రదర్శనలకు, పెళ్లిళ్లకు అద్దెకిస్తూ నిర్వాహకులు ఖర్చులు రాబట్టుకుంటూ వచ్చారు. నిత్య స్నానం మాత్రం బహుమతి వచ్చి 20 సంవత్సరాలు గడిచినా తిరిగి రాలేదు. గోడలను నిలబెట్టడానికి ఒకసారి వచ్చే విరాళం సరిపోవచ్చు. నీటిని రోజూ నింపి, శుభ్రపరచి, కాపలా ఉంచడానికి ప్రతి నెలా డబ్బు కావాలి.

బర్మింగ్‌హామ్‌లో మరో మార్గం

బర్మింగ్‌హామ్ నగరంలోని మోజ్‌లీ రోడ్డు స్నానశాల చరిత్ర కొంత వేరు. 1907లో ప్రారంభమైన ఆ భవనంలో ఈతకొలనులతో పాటు, ఒక్కొక్కరు తలుపు వేసుకుని స్నానం చేసే తొట్టి గదులు 46 ఉండేవి. ఇంట్లో స్నానపు గది లేనివారు 2004 వరకు కూడా వాటిని వాడుకున్నారు. ఆ ప్రాంతంలో దక్షిణాసియా నుండి వలస వెళ్లిన కుటుంబాలు ఎక్కువ.

పెద్ద కొలను 2003లో మూతపడినా రెండవ కొలనులో ఈత సాగుతూనే ఉన్నది. నగరపాలక సంఘం దానిని కూడా నడపలేనని ప్రకటించినప్పుడు చుట్టుపక్కల జనం ముందుకు వచ్చారు. పోరాటంతో ఆగకుండా ధర్మసంస్థగా నమోదై, 2018 నుండి కొలను నిర్వహణ బాధ్యతను స్వయంగా స్వీకరించారు. వారసత్వ కట్టడాల సంస్థలు మరమ్మతులలో తోడ్పడ్డాయి. భవనమంతా బాగుపడేదాకా వేచి ఉండకుండా, వాడుకలో ఉన్న ఒక్క కొలనును ఆగిపోనీయక, మిగిలిన భాగాన్ని క్రమంగా బాగు చేసుకోవడం వారి మార్గం. వాడుక ఉన్నంత కాలం ప్రజలకు ఆ భవనంతో బంధం ఉంటుంది. ఆ బంధమే నిధులు తెస్తుంది.

గోల్కొండలోను, బన్సీలాల్‌పేటలోను

మన ప్రాంతానికి వస్తే, హైదరాబాదు శివారులోని గోల్కొండ వద్ద కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఒక హమాం ఉన్నది. రాజవంశీయుల పార్థివదేహాలకు కడపటి స్నానం చేయించేందుకు దానిని కట్టారు. వేడినీటికి, చన్నీటికి వేరు వేరు తొట్లు అందులో ఉన్నాయి. 2013 నుండి ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ తెలంగాణ ప్రాంత పురావస్తు శాఖతో కలిసి ఆ ఆవరణలోని సమాధులను, మసీదులను, హమాంను, దిగుడుబావులను బాగు చేసింది. మధ్యకాలపు మరమ్మతులలో పూసిన సిమెంటును జాగ్రత్తగా తొలగించి, దాని స్థానంలో సున్నపు గచ్చు వేశారు. గోల్కొండ దిగుడుబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాలలో విశిష్ట పురస్కారం లభించింది. బావులలో చేరిన వాననీరే ఆ ఆవరణలోని తోటల పెంపకానికి, మరమ్మతు పనులకు ఉపయోగపడడం ఇందులో విశేషం.

సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట దిగుడుబావి సామాన్య జనావాసం నడుమ ఉన్నది. 17వ శతాబ్దం నాటిదని చెప్పే ఆ బావి కొన్ని దశాబ్దాలపాటు చెత్త పోసే గుంటగా మారిపోయింది. పైనుండి చూస్తే కింద ఒక అందమైన కట్టడం ఉన్నదని ఎవరూ అనుకోలేని స్థితి. 2021లో హైదరాబాదు మహానగర పాలక సంస్థ, రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ అనే సంస్థ కలిసి పని ప్రారంభించి, వేల టన్నుల చెత్తను ఎత్తివేశారు. లోతుకు వెళ్లిన కొద్దీ మెట్లు, కమానులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఊట తిరిగి వచ్చింది. 2022 డిసెంబరులో దానిని ప్రజల సందర్శనకు తెరిచారు. ఇప్పుడు అది స్నానానికి ఉద్దేశించినది కాదు. భూగర్భజలాన్ని నిలిపే బావిగా, పేటవాసులు సాయంకాలం కూడుకునే స్థలంగా దానికి కొత్త ప్రయోజనం ఏర్పడింది. పాత పని తిరిగి రాకపోయినా, ప్రజలకు అక్కడ చోటు దొరికింది.

బావులు ఎందుకు మూతపడ్డాయి?

పాత దిగుడుబావులను నిర్లక్ష్యం వల్లనే వదిలివేశారని నిందించడం పూర్తిగా న్యాయం కాదు. వాటిలో కొన్నింటిని ప్రజారోగ్యం కోసం బుద్ధిపూర్వకంగానే మూయించారు. మన తాతల తరానికి నారికురుపు అనే బాధ బాగా తెలుసు. కాలి మీద పొక్కు లేచి, దాని నుండి దారం వంటి పురుగు మెల్లగా బయటకు వచ్చేది. రోగి మెట్లు దిగి కాలు నీటిలో పెట్టినప్పుడు పురుగు తన పిల్లలను నీటిలోకి వదులుతుంది. నీటిలోని అతి చిన్న ప్రాణులు వాటిని మింగుతాయి. ఆ నీటిని వడకట్టకుండా త్రాగిన వారికి ఏడాది గడిచేసరికి అదే బాధ మొదలవుతుంది. జనం నీటిలోకి దిగి స్నానం చేసి, అదే నీటిని త్రాగే దిగుడుబావి ఈ వ్యాధికి అనువైన స్థలమైనది.

1980లలో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన నిర్మూలన కార్యక్రమంలో దిగుడుబావులను చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, నీటిని బట్టతో వడకట్టడం, నీటిలో మందు చల్లడం జరిగాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు ఈ వ్యాధి ఉన్న రాష్ట్రాలలోనివే. 1996లో దేశంలో చివరి రోగి నమోదు కాగా, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. ఇది మన దేశ ప్రజారోగ్య చరిత్రలో గొప్ప విజయం. కనుక పాత బావిని తిరిగి తెరిచేటప్పుడు స్నానపు నీరు, త్రాగునీరు కలవకూడదు అనే నియమం మొదట గుర్తు పెట్టుకోవాలి.

ఎవరి నీరు?

ఆరోగ్యం తరువాత రావలసిన ప్రశ్న ప్రవేశానికి సంబంధించినది. పూర్వం ఊరి కోనేరు ఊరందరిదీ అని మనం గొప్పగా చెప్పుకుంటాము. దళితులకు అక్కడ అడుగు పెట్టే హక్కు లేని ఊళ్లు ఎన్నో ఉన్నాయన్న సత్యాన్ని కూడా చెప్పుకోవాలి. కొన్ని చోట్ల మెట్ల వరుసలే కులాల వారీగా పంచబడ్డాయి.

మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో చవదార్ చెరువు ఉన్నది. ప్రజాధనంతో నిర్వహించే చెరువులు, బావులు అస్పృశ్యులుగా పరిగణింపబడిన వారికి కూడా తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం 1924లో అందుకు అంగీకరించింది. కాగితం మీద హక్కు వచ్చినా చెరువు దగ్గరకు ఎవరినీ రానివ్వలేదు. 1927 మార్చి 20న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ వేలాది మందితో నడిచి వెళ్లి ఆ చెరువు నీటిని త్రాగారు. ఆ తరువాత వారి మీద దాడులు జరిగాయి. చెరువు మైలపడిందని శుద్ధి కర్మ కూడా చేయించారు. న్యాయస్థానాలలో సాగిన వివాదం 1937లో బొంబాయి హైకోర్టు తీర్పుతో అంబేద్కర్ పక్షానికి అనుకూలంగా ముగిసింది.

మన రాజ్యాంగం 15వ అధికరణంలో ప్రభుత్వ నిధులతో నిర్వహించే, లేదా ప్రజల వాడకానికి అంకితమైన బావులు, చెరువులు, స్నానఘట్టాల వినియోగంలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఎవరినీ అడ్డగించరాదని ఉన్నది. స్నానఘట్టం అనే మాటను రాజ్యాంగంలోనే చేర్చవలసి వచ్చిందంటే అక్కడ జరిగిన అన్యాయం ఎంత సామాన్యమో ఊహించవచ్చు. కనుక పాత కోనేటిని పూర్వస్థితికి తేవాలని మనం అన్నప్పుడు రాళ్లను పూర్వస్థితికి తేవాలి గాని, ఆ కట్టుబాట్లను కాదు.

పని మొదలుపెట్టే ముందు

గ్రామంలో ఇటువంటి పనికి పూనుకునే వారికి ఉపయోగపడే కొన్ని సూచనలు ఇక్కడ ఇస్తున్నాము.

1. యాజమాన్యం తేల్చుకోవాలి. కొలను ఉన్న భూమి పంచాయతీదా, దేవాలయానిదా, వక్ఫుదా, ప్రైవేటు వ్యక్తులదా అనేది రికార్డులో చూడాలి. కర్ణాటకలో పహణి, తమిళనాడులో చిట్టా అడంగల్, మహారాష్ట్రలో సాత్‌బారా పత్రం ఇందుకు ఆధారం. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా కదల్చరాదు. 2010 సవరణ చట్టం ప్రకారం రక్షిత కట్టడం నుండి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం. ఆపైన మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం.

2. నీరు వచ్చే దారిని వెదకాలి. కొలనుకు నీరు ఊట నుండి వస్తుందా, వాన కాలువ నుండి వస్తుందా తెలుసుకోవాలి. మంచి వాన పడిన రోజున గొడుగు పట్టుకుని చుట్టూ నడిచి చూస్తే, దారి ఎక్కడ రోడ్డుతోనో, ఇంటి పునాదితోనో మూసుకుపోయిందో తెలుస్తుంది. ఆ దారి తెరవకుండా పూడిక తీస్తే మిగిలేది ఎండిన గుంట మాత్రమే. ఊరి మురుగు అందులో చేరకుండా చూడాలి.

3. నీటిని ఒక్కసారిగా తోడివేయరాదు. గోడల వెనుక తడిసిన మన్ను బరువుగా ఉంటుంది. లోపలి నీరు ఉన్నట్టుండి తగ్గితే గోడ లోపలికి ఒరిగి కూలవచ్చు. నెమ్మదిగా, కొంత కొంతగా తోడాలి. లోతైన పాత బావిలో విషవాయువు నిలిచి ఉండవచ్చు. గాలి పరీక్షించకుండా, పైన సహాయకులు లేకుండా ఎవరినీ దింపరాదు.

4. సిమెంటు వాడకం తగ్గించాలి. పాత రాతి, ఇటుక కట్టడాలు సున్నంతో కట్టినవి. సున్నపు అతుకు తడిని పీల్చి మళ్లీ ఆవిరిగా వదులుతుంది. సిమెంటు పూత తడిని లోపలనే బంధిస్తుంది. ఆ తడితో పాటు ఉప్పు చేరి కొన్నాళ్లకు రాయి, ఇటుక పొరలు పొరలుగా రాలిపోతాయి. బాగా నానబెట్టిన సున్నాన్ని ఇసుకతో, ఇటుక పొడితో కలిపి గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ కషాయం చేర్చి వాడే పద్ధతి పెద్ద మేస్త్రీలకు తెలుసు. అటువంటి వారు మీ ప్రాంతంలో ఉంటే వారితోనే పని చేయించడం, ఒకరిద్దరు యువకులకు ఆ విద్య నేర్పించడం మేలు.

5. స్నానానికి, ఉతుకుకు వేరు చోటు ఏర్పరచాలి. సబ్బు నీరు కొలనులోకి పోరాదు. గట్టు మీద కుళాయిలతో స్నానపు వేదిక, ఉతుకు బండలు, వాటి నీరు బయటకు పోయే కాలువ కట్టాలి. వినాయక విగ్రహాల నిమజ్జనానికి విడిగా తొట్టి ఏర్పాటు చేయడం మంచిది. కదలని నీటిలో దిగి స్నానం చేయనిచ్చే ముందు ఆ నీటిని పరీక్ష చేయించాలి.

6. స్త్రీల అవసరాలు ముందే అడగాలి. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, దీపం, ఏ వేళలో ఎవరు వస్తారు అనే విషయాలు సభలో పురుషులు మాత్రమే కూర్చుని నిర్ణయించేవి కావు. వృద్ధుల కోసం పట్టుకునే కమ్మీ, పిల్లల కోసం లోతు తెలిపే గుర్తు, పాచి పట్టిన మెట్లను వారానికి ఒకసారి రుద్దే ఏర్పాటు కావాలి.

7. నెల ఖర్చు లెక్క వేయాలి. విరాళం సేకరించే ముందే ఊడ్చేవారి జీతం, కాపలా, కరెంటు, చిన్న మరమ్మతుల కోసం నెలకు ఎంత కావాలో, అది ఎవరు ఇస్తారో కాగితం మీద రాసుకోవాలి. జమాఖర్చులు గ్రామసభలో చదివి వినిపించాలి. 2022లో కేంద్రం ప్రారంభించిన అమృత్ సరోవర్ కార్యక్రమం జిల్లాకు 75 చెరువులను లక్ష్యంగా పెట్టుకున్నది గాని, అది కనీసం ఒక ఎకరం విస్తీర్ణం ఉన్న వాటికి ఉద్దేశించినది. మన చిన్న కోనేళ్లు ఆ కొలతకు సరిపోవు. వాటి భారం ఎక్కువగా ఊరి మీదనే పడుతుంది.

ముగింపు

పాత స్నానఘట్టాలన్నీ మళ్లీ స్నానానికే ఉపయోగపడాలని లేదు. హంపీ కొలను చూపరుల కోసం మిగిలింది. బీదరు హమాంలో పురావస్తువులు చేరాయి. బన్సీలాల్‌పేట బావి వాననీటిని, మనుషులను తన చుట్టూ చేర్చుకున్నది. మోజ్‌లీ రోడ్డులో జనం ఈతను నిలుపుకున్నారు. ఏ ఊరికి ఏది తగునో ఆ ఊరే తేల్చుకోవాలి.

ఒక చిన్న పని మాత్రం ఈ వారమే, ఖర్చు లేకుండా మొదలుపెట్టవచ్చు. మీ ఊరి కోనేటిని వాడిన పెద్దలు ఇంకా ఉండగానే వారి వద్ద కూర్చుని, నీరు ఎటునుండి వచ్చేది, ఎండాకాలంలో ఎన్ని మెట్లు బయటపడేవి, ఎవరు ఏ వైపు దిగేవారు, ఎవరిని దిగనిచ్చేవారు కారు అనే విషయాలు అడిగి పిల్లల చేత రాయించండి. తెలుగులోను, స్థానిక భాషలోను రాయించండి. దిగనివ్వని వారి ఇళ్లకు కూడా వెళ్లి అడగండి. పునరుద్ధరణ కమిటీలో మొదటి కుర్చీలు ఎవరికి వేయాలో ఆ పుస్తకమే చెబుతుంది.